వీధిబడి ఇసుక నుంచి నాలుగు గీతల పుస్తకం దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను డి.ఏ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించో వ్రాస్తానని అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. 1972లో గుమాస్తాగా చేరి, 2009లో పదవీ విరమణ చేసేవరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆఫీసుల్లో నేను చేసిన పని ప్రధానంగా ఒక్కటే, వ్రాయడం. నోటు ఫైళ్ళు, ఫెయిర్ కాపీలు, రిజిస్టర్లు. మంచి దస్తూరీ ఉన్నవాడని పై అధికారులు ఏ సెక్షనుకు మార్చినా నా చేతికే పని అప్పగించేవారు. ఆ చేతిని మొదట ఎవరు తయారు చేశారు, ఎలా తయారు చేశారు అనే సంగతి డెబ్బై దాటాక గాని నేను ఆలోచించలేదు. ఆలోచింపజేసినవాడు మా మనవడు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి కుటుంబంతో విశాఖపట్నం నుంచి వచ్చాడు. మనవడికి ఐదో ఏడు నడుస్తోంది. యు.కె.జి. చదువు. పండుగ సెలవులకని బడివారు ఇచ్చిన హోంవర్కు నాలుగు గీతల పుస్తకంలో ఇరవై పేజీలు. వాడు పెన్సిలును పిడికిలి బిగించి పట్టుకుని, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి వ్రాస్తున్నాడు. పావుగంట గడిచేసరికి పెన్సిలు పడేసి "తాతా, చెయ్యి నొప్పి" అని ఏడుపు మొదలుపెట్టాడు. చూస్తే చూపుడువేలి పక్కన ఎర్రగా కందిపోయి ఉంది. చొక్కా బొత్తాలు తనంత తాను పెట్టుకోవడం ఇంకా రాని వేళ్ళు అవి. ఆ వేళ్ళతో గీత దాటకుండా అక్షరాలు వ్రాయాలట. ఆ కందిన వేలు చూడగానే నాకు రెండు పాత సంగతులు గుర్తుకు వచ్చాయి. ఒకటి మా పంతులుగారి అరుగు. రెండోది నేను చేసిన ఒక తప్పు. రెండూ చెబుతాను.

అరుగు మీద ఇసుక

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే, విజయదశమి నాడు, నాగావళి ఒడ్డున మా ఊళ్ళో నాకు అక్షరాభ్యాసం జరిగింది. పళ్ళెంలో బియ్యం పోసి, నా చూపుడువేలు పట్టుకుని ఓనమాలు వ్రాయించారు. మర్నాటి నుంచి పంతులుగారి వీధి అరుగే బడి. అసలు బోర్డు స్కూల్లో చేర్చేలోగా ఏడాదిపాటు పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టడం మా ఊరి అలవాటు.

అక్కడ పలక లేదు, బలపం లేదు. ఏటి నుంచి తెచ్చి, జల్లించి, గులకరాయి లేకుండా చేసిన ఇసుక ఉండేది. ఒక్కొక్కడి ముందు రెండు దోసిళ్ళ ఇసుక పోసి, అరచేత్తో చదును చేసుకోమనేవారు. చదును చేయడమే మొదటి పాఠం. తరువాత పంతులుగారు మా వేలు పట్టుకుని ఇసుకలో జానెడు ఎత్తున 'అ' వ్రాయించేవారు. వేలు తీసేశాక అదే చాలు మీద మేము మళ్ళీ మళ్ళీ దిద్దాలి. నోటితో పలుకుతూ దిద్దాలి. తప్పయితే అరచేత్తో ఒక్క తుడుపు, అంతే. దిద్దీ దిద్దీ వేలి కొస మొద్దుబారేది గాని, చెయ్యి నొప్పి అన్న పిల్లవాడిని నేను చూడలేదు.

అక్షరం చేతికి పట్టుబడ్డాక జానెడు కాస్తా బెత్తెడు, బెత్తెడు కాస్తా రెండంగుళాలు అయ్యేది. గుణింతాలు వచ్చాక గాని పలక చేతికి ఇవ్వలేదు. కొందరివి చెక్క పలకలు. వారానికోసారి బొగ్గు, దొండాకు కలిపి నూరి పూసి, ఎండబెట్టుకునేవాళ్ళం. కలిగిన ఇళ్ళ పిల్లలకు చెక్క చట్రంలో బిగించిన మార్కాపురం రాతి పలకలు ఉండేవి. కాగితం, సిరాబుడ్డి, పాళీ మూడో తరగతిలో గాని ముట్టుకోలేదు. ఇసుకకూ కాగితానికీ మధ్య మూడేళ్ళ దూరం ఉంది. ఆ మూడేళ్ళూ మా వేళ్ళ చదువు జరిగిందని నాకు అప్పుడు తెలియదు.

మన్రో దొరగారి లెక్కలు

ఈ పద్ధతి మా పంతులుగారి సొంతం కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క పంపమని ఆదేశించాడు. అప్పుడు మన ప్రాంతం కొంత గంజాం జిల్లాలో, కొంత విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం గంజాంలోది. అన్ని జిల్లాల నుంచి వచ్చిన లెక్కలు కూడితే 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. ఆనాటి రాజధాని జనాభా 1,28,50,941.

లెక్కలు పంపిన కలెక్టర్లలో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రత్యేకమైనది. అంకెలతో సరిపెట్టకుండా, బడిలో పిల్లవాడు ఏమి చేస్తాడో కూడా అందులో వివరించాడు. కన్నడం, తెలుగు రెండూ నేర్పే బడులున్న జిల్లా అది. అక్కడి పిల్లవాడు ముందుగా నేలమీద ఇసుకలో వేలితో అక్షరాలు వ్రాస్తాడనీ, ఐరోపా పిల్లల్లా ఉచ్చరించడంతో మొదలుపెట్టడనీ వ్రాశాడు. వేలు బాగా తిరిగిన తరువాతనే వాడికి తాటాకు మీద ఇనుప గంటంతోనో, కాగితం మీద కలంతోనో, పలకలాంటి దానిమీదనో వ్రాసే అర్హత వస్తుందని కూడా వివరించాడు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. బళ్ళారికీ నాగావళికీ ఎంతో దూరం, 1823కూ 1956కూ మధ్య నూట ముప్పై మూడేళ్ళు. క్రమం మాత్రం అదే.

ఇంతకంటే వింత మరొకటి ఉంది. డాక్టర్ ఆండ్రూ బెల్ అనే మతగురువు మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడుగా పనిచేశాడు. 1789 ప్రాంతంలో ఒక దేశీయ బడి పక్కగా వెళుతూ, పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో వ్రాసుకోవడం చూశాడు. శరణాలయంలో అక్షరాల తరగతికి అలాగే ఇసుక పెట్టమంటే, అక్కడి ఉపాధ్యాయుడు అది తనకు చేతకాదన్నాడు. బెల్ వెనుకాడకుండా ఆ తరగతిని ఎనిమిదేళ్ళ కుర్రవాడికి అప్పగించాడు. ఆ కుర్రవాడు నెగ్గుకొచ్చాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఆ విధానాన్ని బెల్ 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించాడు. దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చింది. ఆ తరువాత ఇంగ్లండులోని పేదపిల్లల బడుల్లో బల్లలమీద ఇసుక పోసి, వేలితో అక్షరాలు దిద్దించారు. మన అరుగు మీది ఇసుక సముద్రం దాటి వెళ్ళిందన్నమాట.

ఇసుకే ఎందుకు?

కాగితం ఖరీదైన కాలం కనుక ఇసుక వాడారని చాలామంది అంటారు. అది నిజమే గాని, సగం నిజం. మా వీధిలోని పిల్లల వైద్యులు ఒకసారి వివరించిన సంగతి చెబుతాను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవన్నీ మెత్తని మృదులాస్థే. ఒక్కొక్కటే గట్టిపడుతూ వచ్చి, చివరిది గట్టిపడేసరికి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయస్సు వస్తుంది. కదలికల మీద పట్టు కూడా భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు, చివరగా వేళ్ళకు వస్తుంది. మూడు వేళ్ళతో పెన్సిలు పట్టే నేర్పు చాలామంది పిల్లలకు నాలుగు, ఆరేళ్ళ మధ్యన కుదురుతుంది.

ఇప్పుడు ఇసుకను చూడండి. జానెడు అక్షరం వ్రాసేటప్పుడు కదిలేది భుజం. బెత్తెడు అక్షరానికి మోచెయ్యి, పలక మీద మణికట్టు, కాగితం మీద వేళ్ళు. పైగా ఇసుకలో పట్టుకోవలసిన సాధనం లేదు. పెన్సిలు పట్టడం ఒక విద్య, అక్షరం వ్రాయడం మరొక విద్య. రెండూ ఒకేసారి నేర్పితే పసివాడు రెంటికీ చెడతాడు. మన పూర్వులు రెండింటినీ విడదీశారు. అక్షరం మలుపు వేలికి తాకుతూ తెలుస్తుంది. మన తెలుగు అక్షరాలకు గీతలకంటే మలుపులే ఎక్కువ. ఝకారం, ఘకారం వ్రాయడానికి వేలు ఎన్ని వంపులు తిరగాలో మీకు తెలుసు. ఆ తిరుగుడు చేతికి ముందే అలవాటైపోతే కలం పట్టాక బెంగ ఉండదు.

ఇక బడి బయట మరో బడి నడిచేది. దానికి పంతులు లేడు. ఉద్దానం వైపు పిల్లలు జీడిపిక్కలతో, మేము చింతపిక్కలతో ఆడుకునేవాళ్ళం. వామనగుంటల్లో ఒక్కొక్క గింజే జారవిడవాలంటే బొటనవేలు, చూపుడువేలు చెప్పినట్టు వినాలి. గోళీలు, బొంగరాలు, తాటాకు బూరలు, కొబ్బరి ఈనెల పాములు సరేసరి. ఆడపిల్లలు పూలు గుచ్చేవారు, ధనుర్మాసంలో ముగ్గు చిటికెతో జారవిడిచి తల్లి వేసిన చుక్కలు కలిపేవారు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం అందరికీ పనే. పొందూరు వైపు ఇళ్ళలో పిల్లలు తల్లుల పక్కన కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, వంద నంబరు సన్నపు నూలు తీయడం చూస్తూ పెరిగేవారు. అంత సన్నని దారం తెగకుండా తీసే వేళ్ళు పుస్తకంతో తయారైనవి కావు.

పెద్దలు దీన్ని గుర్తించారు కూడా. 1937లో గాంధీగారు వార్ధాలో ప్రతిపాదించిన బేసిక్ విద్యలో చేతిపనే కేంద్రం. మా ఎలిమెంటరీ స్కూల్లో తకిలీ గంట ఉండేది. నా దారం ఉండలు ఉండలుగా వచ్చి తెగిపోయేది గాని, వేళ్ళకు మంచే చేసింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిస్సోరి కూడా పిల్లల చేత ముందు గరుకు కాగితపు అక్షరాలను వేళ్ళతో తడిమించిన తరువాతనే వ్రాయించేది. ఇటలీకి చెందిన ఆమె గరుకు కాగితానికీ మా పంతులుగారి ఇసుకకూ ఎంత చుట్టరికమో చూడండి.

చేదు కూడా చెప్పాలి

వీధిబడిని ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. మా పంతులుగారి చేతిలో బెత్తం ఉండేది. ఆయనకు ముందటి తరంలో తాడుకు వేలాడదీసే 'కోదండం' శిక్ష ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు. మన్రో లెక్కల్లోని 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. మా అరుగు మీద కూడా మా చెల్లెళ్ళు కూర్చోలేదు. మాలమాదిగ పిల్లలు అరుగు దరిదాపులకు రాలేదు. ఆ ఇసుక కొందరి ముందే పోశారు. బడి అందరిదీ కావడం మన కాలంలో జరిగిన గొప్ప మార్పు. కాని, బడి అందరిదీ అయ్యేసరికి ఇసుక మాయమైంది. పట్నాలలో 1980 తరువాత వీధికొక కాన్వెంటు వచ్చింది. పలకను వెనుకబాటుతనానికి గుర్తుగా చూశారు. మూడేళ్ళు నిండీ నిండగానే పెన్సిలు, నాలుగు గీతల పుస్తకం. పుస్తకం నిండితే ఫీజుకు తగిన చదువు జరిగినట్టు తల్లిదండ్రులకు తృప్తి.

ఆ తల్లిదండ్రులలో నేనూ ఒకణ్ణి. ఇది 1987 నాటి మాట. విజయనగరంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అబ్బాయికి నాలుగేళ్ళు. కొత్తగా ఎల్.కె.జి.లో చేరాడు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి భోజనానికి ముందు వాడిచేత వ్రాయించేవాడిని. నా దస్తూరీ గురించి నలుగురూ మెచ్చుకునే రోజులు. నా కొడుకు అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే నాకు తలవంపులుగా ఉండేది. నా దగ్గర ఆఫీసు గీతలు గీసుకునే రూళ్ళకర్ర ఒకటి ఉండేది. అక్షరం గీత దాటిన ప్రతిసారీ దానితో వాడి వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడిని. గట్టిగా కాదు అని అప్పుడు నాకు నేను చెప్పుకునేవాడిని.

మా అమ్మ చదువుకోలేదు. వేలిముద్ర మనిషి. ఒకరాత్రి వంటింట్లోంచి వచ్చి, వాడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "ఏటిరా ఇది? గుంటడికి వేలు గట్టిపడనీ, రాత దానంతటదే వొస్తాది. నీకు ఇసకలోనే గదా వొచ్చింది!" అంది. "కాలం మారిందమ్మా, నీకు తెలీదు" అన్నాను. మొక్కై వంగనిది మానై వంగదనే సామెత నాకు తెలుసు. వంచబోతే మొక్క విరుగుతుందనే సంగతి మా అమ్మకు తెలుసు.

మా అబ్బాయి బాగానే చదువుకున్నాడు, ఉద్యోగంలో స్థిరపడ్డాడు. వాడికి ఏ లోటూ రాలేదని నేను నిశ్చింతగా ఉన్నాను. మొన్న సంక్రాంతి రోజున మనవడి వేలికి కొబ్బరినూనె రాస్తూ, వాడు నా వైపు చూడకుండానే ఒక మాట అన్నాడు: "నాన్నగారూ, కాగితం మీద పది లైన్లు రాయాలంటే నాకిప్పటికీ వేళ్ళు బిగుసుకుపోతాయి. అన్నీ టైపే చేస్తాను." నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ముప్పయ్యేడేళ్ళు ఫైళ్ళు వ్రాసిన చేతికి ఆ మాటకు జవాబు దొరకలేదు.

మర్నాడు కనుమ. ఏటికి వెళ్ళి సంచీడు ఇసుక తెచ్చి, జల్లించి, పాత కాఫీ ట్రేలో పోశాను. మనవడిని వ్రాయమనలేదు, చదును చేయమన్నాను. వాడు గంటసేపు చదును చేశాడు, కెలికాడు, మళ్ళీ చదును చేశాడు. రెండో రోజు నేను వేలితో పెద్ద 'అ' వ్రాస్తే, తానే వచ్చి ఆ చాలులో వేలు పెట్టాడు. ఇరవై పేజీలలో ఎనిమిది మిగిలిపోయాయి. కోడలు కంగారుపడితే, నేనే బడివారికి ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాను. నా సర్వీసులో ఎన్నో వివరణలు వ్రాశాను గాని, ఇంత ఇష్టంగా ఏదీ వ్రాయలేదు.

మళ్ళీ మొదటికి

ప్రభుత్వాలు కూడా ఇప్పుడు ఈ దారిలోకి వస్తున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయస్సును పునాది దశగా పేర్కొని, ఆటపాటలతో నేర్పమంది. 2021లో ఒకటో తరగతి పిల్లలకు మూడు నెలల ఆటల కార్యక్రమం 'విద్యాప్రవేశ్' వచ్చింది. 2022లో పునాది దశకు పాఠ్యప్రణాళిక చట్రం, 2023లో బొమ్మలు, ఆటవస్తువులతో 'జాదూయీ పిటారా' అనే పెట్టె వచ్చాయి. సంతోషమే. మన అనుభవంలో ఉత్తర్వు వెలువడటం ఒక ఎత్తు, అది క్రింది సెక్షనుకు చేరి అమలు కావడం మరొక ఎత్తు. ఈలోగా పిల్లల వేళ్ళు ఆగవు.

అందుకే మిత్రులకు నా విన్నపం. మనవలు పండుగకో, వేసవి సెలవులకో మీ ఇంటికి వచ్చినప్పుడు ఒక పళ్ళెంలో ఇసుక పోయండి. ఇసుక లేకపోతే బియ్యపు రవ్వ చాలు. చింతపిక్కలు దాచి ఉంచండి. చిక్కుడుకాయలు వాళ్ళ ముందు పెట్టండి. చపాతీపిండి ముద్ద ఒకటి చేతికివ్వండి. బొత్తాలు వాళ్ళనే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైనా ఫర్వాలేదు. పెన్సిలు తొందర లేదు. రూళ్ళకర్ర అసలే వద్దు.

మనకూ ఇందులో కొంత లాభం ఉంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు కోసం వెళితే, అరిగిపోయిన నా బొటనవేలి గీతలను యంత్రం ఒక పట్టాన గుర్తించదు. సంతకం చేస్తే పాత సంతకంతో కలవడం లేదని బ్యాంకు కుర్రవాడు మరోసారి చేయమంటాడు. మనవడు వెళ్ళిపోయాక ఆ ట్రే తీసేయలేదు. ఉదయం కాఫీ తాగాక పది నిమిషాలు నేనే ఇసుకలో ఓనమాలు దిద్దుతున్నాను. చెయ్యి కొంచెం వణుకుతుంది. తప్పు పోతే అరచేత్తో తుడిచేసి మళ్ళీ వ్రాస్తున్నాను. వేసవి సెలవులకు మనవడు వచ్చేసరికి 'ఝ' దాకా వెళ్ళాలని ఉంది.